గోడలో పైపు ఎక్కడుందో ఎవరికి తెలుసు?

ఇంటి పనులు: పాఠకుల ప్రశ్నలు, జవాబులు

పోయిన నెల వంటగట్టు గురించి రాశానా, ఈ నెల ఉత్తరాలన్నీ బాత్రూంలోకి వచ్చేశాయి. అందులోనూ సగం షవర్ గొడవే. ఒకే రకం ప్రశ్నలు చాలా ఉన్నాయి కాబట్టి అయిదు తీసుకుని వాటికే కాస్త వివరంగా రాస్తున్నా, మిగతావాళ్లు కోప్పడకండి.

ప్ర: అన్నయ్యా, మాది విజయవాడ పటమట. 12 ఏళ్ల పాత ఫ్లాటు, రెండేళ్ల కిందట సెకండ్ హ్యాండ్‌లో కొన్నాం. బాత్రూంలో వాల్ మిక్సరు, దానికి పైన గీజరు ఉన్నాయి, షవర్ మాత్రం లేదు, పాత ఓనర్లు బకెట్ స్నానమే చేసేవాళ్లంట. మా మావయ్యగారికి మోకాళ్ల నొప్పులు, వంగి చెంబుతో ముంచుకోలేకపోతున్నారు. షవర్ పెట్టిద్దామని ప్లంబర్‌ని పిలిస్తే గోడ పగలగొట్టి కొత్త లైను లాగాలి, టైల్స్ పోతాయి అన్నాడు. ఇంకో ఆయన వచ్చి అదేం అక్కర్లేదండీ, రెండు స్క్రూలు కొడితే అయిపోద్ది అన్నాడు. మా వారేమో ఆదివారం నేనే కొట్టేస్తా అని డ్రిల్లింగ్ మెషిన్ తెచ్చి పెట్టుకున్నారు. పైపులన్నీ గోడ లోపలే, ఏది ఎటు పోతోందో చెప్పేవాళ్లు లేరు, బిల్డర్ ఫోన్ ఎత్తడు. ఏం చేయమంటారు?
— ఒక పాఠకురాలు, పటమట

జ: చెల్లెమ్మా, ముందు ఆ మెషిన్‌ని అటక ఎక్కించండి, మీ వారి మనసు నొచ్చుకోకుండా. రెండో ప్లంబర్ చెప్పిందే రైటు. కాకపోతే ఆ "రెండు స్క్రూలు" దగ్గరే అసలు కథంతా ఉంది.

మీ మిక్సరు, అంటే వేడినీళ్లూ చల్లనీళ్లూ కలిపి వదిలే పంపు, గోడలోంచి వచ్చిన రెండు పాయింట్ల మీద కూర్చుని ఉంటుంది. ఎదురుగా నిలబడితే మామూలుగా ఎడమ చేతి వైపుది వేడి, కుడి చేతి వైపుది చల్లది, రెంటి మధ్య దూరం 6 అంగుళాలు. మన దగ్గర దొరికే వాల్ మిక్సర్లన్నీ దాదాపు ఈ లెక్కకే చేస్తారు, కొంచెం అటూ ఇటూ ఉన్నా వెనకాల వంకర లెగ్గులు ఉంటాయి కాబట్టి తిప్పి సరిపెట్టుకోవచ్చు. అంటే పాత మిక్సరు విప్పేసి అవే పాయింట్లకి త్రీ ఇన్ వన్ మిక్సరు బిగించేయొచ్చన్నమాట. దాని నెత్తిన ఒక పాయింటు ఉంటుంది, అక్కడ నుంచి బెండు పైపు గోడ బయటే పైకి లేచి తల మీదకి వంగుతుంది, చివర షవర్. చేతి షవర్‌కి వేరే పాయింటు, కింద బకెట్‌కి పంపు మామూలే. గోడ లోపల కొత్త లైను లేదు, టైలు పగిలేది లేదు. పైపు బయటకి కనిపిస్తది అని కొందరు ముక్కు విరుస్తారు, స్టార్ హోటల్లో మాదిరి అన్నీ లోపలే ఉండాలంటారు. నన్నడిగితే బయట ఉన్న పైపే మంచిది, కారితే కారినట్టు కళ్లకి కనిపిస్తది.

ఇక ఆ రెండు స్క్రూలు. బెండు పైపు ఊగకుండా ఆరు, ఆరున్నర అడుగుల ఎత్తులో ఒక బ్రాకెట్టు పెట్టాలి, డ్రిల్లింగ్ మొత్తం అంతే. కానీ ఆ బ్రాకెట్టు వచ్చేది సరిగ్గా మిక్సరుకి నెత్తిన. మీ గీజరు కూడా అక్కడే పైన ఉందంటున్నారు. గీజర్ నుంచి వేడినీళ్ల పైపు మిక్సరు ఎడమ పాయింటుకి దిగేది కూడా ఆ గోడలోనే. మేస్త్రి బుద్ధిగా పని చేసుంటే ఆ పైపు మిక్సరు నడిమధ్య నుంచి 3 అంగుళాలు ఎడమగా నిట్టనిలువునా దిగుతుంది, మీ స్క్రూలు మధ్యలో పడతాయి కాబట్టి గండం ఉండదు. బుద్ధిగా చేశాడో లేదో మనకి తెలీదు. భోజనాల టైముకి పని తెముల్చుకోవాలని ఐమూలగా లాగేసినవి నేను బోలెడు చూశాను.

ఇక్కడ నా పరువు నేనే తీసుకునే సంగతి ఒకటి చెప్పాలి. గుంటూరు బ్రాడీపేటలో మేం ఉన్న ఇంట్లో టవల్ రాడ్డు కోసం ఒక ఆదివారం పొద్దున నేను స్వయంగా డ్రిల్ పట్టాను. ఊరందరికీ సలహాలు చెప్పేవాడిని కదా, పైపు పక్క గోడలో ఉంటుందిలే అనుకున్నా. ముందు టైలు తాలూకు తెల్లపొడి వచ్చింది, తర్వాత సిమెంటు బూడిదపొడి, ఆ తర్వాత ఇటుక ఎర్రపొడి రావాలి. ఎర్రది రాలేదు, మీగడ రంగులో సన్నగా పీచు చుట్టలు చుట్టుకుంటూ బయటకి వచ్చింది. పెన్సిల్ చెక్కినప్పుడు వస్తాయే, అట్టా. అది సీపీవీసీ, అంటే వేడినీళ్లకి వేసే ప్లాస్టిక్ పైపు, దాని చర్మం అని బుర్రకి తట్టేలోపే బిట్టు ఇంకో రెండు మిల్లీమీటర్లు దిగింది, నీళ్లు నా కళ్లజోడు మీద కొట్టినాయి. బొటనవేలు రంధ్రానికి అదిమి పట్టుకుని టెర్రస్ మీద వాల్వు కట్టెయ్యరా అని మావాడి మీద అరిస్తే వాడు పైకెళ్లి చూస్తే అక్కడ నాలుగు వాల్వులు, ఏది మాదో రాసి లేదు. వాడు ఒక్కోటీ తిప్పుతూ "తగ్గిందా నాన్నా" అనడం, నేను "లేదురా" అనడం, మధ్యలో పక్క పోర్షన్ వాళ్లకి నీళ్లు ఆగిపోయి వాళ్లూ అరవడం. చిన్న బెజ్జమే కదా అనుకుంటాం, దాన్ని బాగుచెయ్యాలంటే పైపు ముక్క కోసి కప్లింగు, అంటే అతుకు ముక్క, వెయ్యాలి, గోడలో బిగుసుకున్న పైపు అటూ ఇటూ జరగదు కాబట్టి జరగడానికి అటొక జానెడు ఇటొక జానెడు గోడ చెక్కాలి. రెండు టైల్స్ పోయాయి. ఆ డిజైను షాపుల్లో ఆగిపోయి చాన్నాళ్లయింది. ఇప్పటికీ ఆ రెండూ వేరే రంగులో ఉంటాయి, వచ్చినవాళ్లు డిజైను కాబోలు అనుకుంటారు, నేనేం సరిదిద్దను.

కాబట్టి మీ వారికి చెప్పండి, బిట్టు చివర ఏ రంగు పొడి వస్తోందో చూస్తూ కొట్టాలి, మీగడ రంగు కనిపించిందంటే ఆపెయ్యాలి. అక్కడిదాకా రాకుండా ఉండాలంటే ముందే పైపుని వెతకాలి. ఆన్‌లైన్‌లో అమ్మే డిటెక్టర్లు తెప్పించకండి, చవకవి ఇనుమునీ కరెంటు తీగనీ పట్టుకుంటాయి గానీ ప్లాస్టిక్ పైపుని పట్టుకోవు, ఏమీ లేదని చూపించి మనల్ని ముంచుతాయి. పాత ఇళ్లలో జీఐ, అంటే ఇనప పైపులైతే వాటితో కొంత పని ఉంటుంది, మీ 12 ఏళ్ల ఫ్లాటులో సీపీవీసీనే ఉండొచ్చు.

దానికంటే అరచెయ్యి నయం. పొద్దున్నే గోడ చల్లగా ఉన్నప్పుడు గీజర్ బాగా కాగనిచ్చి వేడి పంపు ఒక్కటే తిప్పి పది నిమిషాలు వదలండి. ఆ నీళ్లు పారబోయకండి, బకెట్లకి పట్టి బట్టలకి వాడుకోండి. తర్వాత చేతి వెనక భాగం టైల్స్ మీద పక్కకి జరుపుతూ పోతే ఒకచోట గోరువెచ్చగా పట్టీ లాగా తగుల్తది, అదే పైపు. ప్లాస్టిక్ పైపు వేడిని నెమ్మదిగా బయటకి వదుల్తది కాబట్టి తొందరపడకూడదు. జ్వరం చూసే గన్ను లాంటి థర్మామీటర్ ఎవరి దగ్గరైనా ఉంటే గోడ మీద గురిపెట్టి చూడండి, నుదురు కొలిచే మోడ్ తీసేసి వస్తువుల మోడ్‌లో పెట్టాలి, ఇంకా తేలిగ్గా దొరుకుద్ది. దొరికిన చోటల్లా మాస్కింగ్ టేప్ అంటించుకుంటూ పోతే చివరికి గోడ మీద మ్యాపు వచ్చేస్తది. మరి చల్లనీళ్ల పైపు ఎట్టా అంటారా, బెజవాడలో అదేం కష్టం, మే నెల మధ్యాహ్నం 2 గంటలకి చల్లనీళ్ల పంపు తిప్పండి, టెర్రస్ ట్యాంకులోంచి మరిగిన నీళ్లే వస్తాయి, అదే కిటుకు అప్పుడు చల్ల లైనుకి కూడా పని చేస్తది. ఎండాకాలం వల్ల జరిగే మేలు ఇదొక్కటే.

ఇదంతా చేశాక కూడా కొట్టేముందు టెర్రస్ మీద మీ వాల్వు ఏదో కనుక్కుని దానికి గుడ్డ ముక్క కట్టుకోండి, దాన్ని కట్టేసి కింద పంపులన్నీ తిప్పి లైను ఖాళీ చెయ్యండి. గీజర్ స్విచ్ కాదు, కరెంటు బోర్డులో బాత్రూం మొత్తానికి ఉన్న ఎంసీబీ స్విచ్చినే దించెయ్యండి, గీజర్ తీగ కూడా అదే గోడలో ఉంటుంది. డ్రిల్‌కి కరెంటు హాల్లోంచి ఎక్స్‌టెన్షన్ పెట్టి తెచ్చుకోండి. టైలు దాటేదాకా డ్రిల్‌లో హ్యామర్ మోడ్ వాడకూడదు, నెమ్మదిగా, టైల్స్ బిట్టుతో, బిట్టు జారకుండా టైలు మీద టేప్ అంటించి. ఎంత లోతు కావాలో బిట్టు మీద ఇన్సులేషన్ టేప్ చుట్టి గుర్తు పెట్టుకోండి, తేలికపాటి బ్రాకెట్టుకి మొత్తం 30 మిల్లీమీటర్లు దాటాల్సిన పని లేదు. కొట్టాక వెంటనే స్క్రూ పెట్టేయకండి, వాల్వు తిప్పి, టిష్యూ పేపర్ వత్తిలాగా చుట్టి రంధ్రంలో దూర్చి ఒక పావుగంట ఆగండి, పొడిగా బయటకొస్తే అప్పుడు కాస్త సిలికాన్ కొట్టి ప్లగ్గు, స్క్రూ. పైపు గీసుకుంటే ఆ పూటే తెలియాలి. స్క్రూ బిగించేశాక అదే బిరడా లాగా పని చేసి ఆరు నెలల తర్వాత తుప్పు పట్టి కారడం మొదలెడుతుంది, అప్పుడు ఎవరిని తిట్టుకోవాలో కూడా అర్థం కాదు.

ఇంకో ముఖ్యమైన సంగతి. మీ మావయ్యగారికి తల మీద షవర్ కంటే చేతి షవరే ఎక్కువ పనికొస్తది. రబ్బరు బుడిపెలున్న గట్టి స్టూలు ఒకటి వేసి, కూర్చుంటే చేతికి అందే ఎత్తులో హ్యాండ్ షవర్ హుక్కు పెట్టించండి. ఆయన లేచేటప్పుడు ఆ బెండు పైపునే పట్టుకుంటారు, రాసిపెట్టుకోండి, ఎవరైనా అదే చేస్తారు. అది మనిషి బరువుకి చేసింది కాదు, బ్రాకెట్టు ఊడొచ్చి మిక్సరు లెగ్గు దగ్గర విరుగుద్ది. పట్టుకోడానికి స్టీలు గ్రాబ్ బారు విడిగా పెట్టించాలి, దానికి ఇటుకలోకి లోతుగా దిగే పొడుగు ఫాస్టెనర్లు కావాలి, అది మాత్రం మీ వారికి వదలొద్దు, పైపులు వెతికి టేప్ అంటించాక మేస్త్రి చేతే చేయించండి.

ప్ర: గురువుగారూ, మాది గుంటూరు అరండల్‌పేట, సొంత ఇల్లు, పై అంతస్తు. మా అబ్బాయి అమెరికా నుంచి వస్తూ పెద్ద షవర్, దాని రాడ్డుతో సహా తెచ్చాడు, 8 అంగుళాల వెడల్పు. బిగిస్తే వాన లాగా పడుతుందన్నాడు, తుంపర లాగా కూడా పడట్లేదు. పైగా గోడ దగ్గర చుక్కలు కారుతోంది. షవర్‌లో లోపమా, మా పైపులో లోపమా?
— ఒక పెద్దాయన, అరండల్‌పేట

జ: బాబాయిగారూ, రెంటిలోనూ లోపం లేదు. ఆ షవర్ పుట్టిన ఊరు వేరు, మీ ట్యాంకు ఊరు వేరు, అంతే.

నీళ్లు ఎంత ఎత్తు నుంచి దిగితే అంత జోరు. 10 మీటర్ల ఎత్తుకి ఒక కేజీ ప్రెషర్ అని ప్లంబర్ల లెక్క. మీది పై అంతస్తు అన్నారు కాబట్టి టెర్రస్ మీద ట్యాంకు దిమ్మె మూడడుగులు, స్లాబు పదడుగుల ఎత్తు, షవర్ ఏడడుగుల్లో ఉందనుకుందాం, అంటే ట్యాంకు అడుగు నుంచి షవర్ దాకా గట్టిగా ఆరడుగులు, రెండు మీటర్లు కూడా లేదు. కేజీలో అయిదో వంతు. అమెరికాలో నీళ్లు పైపులో ప్రెషర్‌తోనే వస్తాయి, అక్కడ షవర్లకి నీళ్లు వృథా కాకుండా నిమిషానికి రెండున్నర గ్యాలన్లు, అంటే తొమ్మిదిన్నర లీటర్లు దాటకూడదని 1992 చట్టం తర్వాత నుంచి రూలు ఉంది, ఆ కొలత తీసేది 80 పీఎస్ఐ దగ్గర, మన లెక్కలో అయిదున్నర కేజీలు. అంత జోరుని అదుపు చెయ్యడానికి షవర్ మెడలో చిన్న ప్లాస్టిక్ బిళ్ల పెడతారు. అయిదున్నర కేజీల నీళ్లకి వేసిన కళ్లెం తీసుకొచ్చి అయిదో వంతు కేజీకి వేస్తే ఇంకేం పడుద్ది.

షవర్ విప్పి మెడలో జాలీ వెనకాల ఆ బిళ్ల ఉందేమో చూడండి, సన్నని స్క్రూ డ్రైవర్‌తో తీసేస్తే కొంచెం మెరుగవుతుంది. అయినా 8 అంగుళాల షవర్‌కి సరిపోదు, ఉన్న కాసిని నీళ్లూ అన్ని బెజ్జాలకి పంచుకోవాలి కదా. ట్యాంకు దిమ్మె ఇంకో మూడడుగులు లేపినా పెరిగేది కేజీలో పదో వంతే, దానికోసం దిమ్మె కట్టిస్తే ఖర్చు దండగ. పట్టుదలగా అదే వాడాలంటే ట్యాంకు దగ్గర ప్రెషర్ పంపు పెట్టించాలి, అప్పుడు ఆ బిళ్ల తీసిన షవర్ భేషుగ్గా పడుద్ది. కానీ మీ గోడ లోపల పైపులు పాతవైతే పంపు పెట్టేముందు ఒకసారి లైను టెస్టు చేయించండి, ఇన్నాళ్లూ అయిదో వంతు కేజీకి అలవాటు పడ్డ జాయింట్లు అవి. లేదంటే పంపు జోలికి పోకుండా మన దగ్గర దొరికే 4 అంగుళాల మామూలు షవర్ పెట్టుకోండి, ఇప్పుడున్న దానికంటే జోరుగానే పడుద్ది. అబ్బాయి వచ్చినప్పుడు పెద్దది బిగించొచ్చు.

గోడ దగ్గర కారడం వేరే సంగతి, అది తొందరగా చూసుకోవాలి. అమెరికా రాడ్డు మరకి, గోడలో దాన్ని పట్టుకునే మన ఎల్బో (పైపు మలుపు ముక్క) మరకి తేడా ఉంది. అర అంగుళం సైజులో రెంటికీ అంగుళానికి 14 మరలే, అందుకే చేత్తో తిప్పితే ఎక్కేస్తది, సరిపోయిందనే అనుకుంటాం. కానీ మర పళ్ల కోణం వేరు, అక్కడిది 60 డిగ్రీలు, మనది 55, పైగా వాళ్ల మర చివరికి సన్నబడుతూ పోతుంది. పానా పెట్టి గట్టిగా తిప్పితే గోడలో ఉన్న ఎల్బో పగిలే ప్రమాదం ఉంది. ఆ రాడ్డు తీసేసి ఇక్కడి రాడ్డే కొని గోడకి బిగించండి. దానికి అమెరికా షవర్ తలకాయ తగిలించుకోవచ్చు, అక్కడ లోపల రబ్బరు వాషర్ ఆపుతుంది, చాలావరకు కారదు.

ప్ర: అన్నా, విజయవాడ సింగ్‌నగర్ మాది. 2024 సెప్టెంబరు బుడమేరు వరదల్లో గ్రౌండ్ ఫ్లోర్ మునిగింది, బాత్రూం టైల్స్ అప్పటి నుంచి డొల్లగా మోగుతున్నాయి, కొన్ని ఊడిపోయాయి. ఇప్పుడు మొత్తం తీసేసి కొత్తగా చేయిస్తున్నాం, పైపులు కూడా మార్చేస్తాం. షవర్ పైపు గోడ లోపలే పెట్టించాలని మా ఆవిడ పంతం. ఎత్తులు, జాగ్రత్తలు చెప్పండి.
— ఒక పాఠకుడు, సింగ్‌నగర్

జ: తమ్ముడూ, గోడ మొత్తం విప్పి ఉన్నప్పుడు లోపల పెట్టించుకోవడంలో తప్పేం లేదు, ఆవిడ మాటే కానివ్వు. టైల్స్ తీశాక పాత ప్లాస్టరింగ్ తట్టి చూడు, బుస్సున మోగే చోటల్లా రాల్చెయ్యి, గోడ బాగా ఆరనివ్వు. తడి గోడ మీద తొందరపడి అంటిస్తే మళ్లీ ఇదే పాట.

ఎత్తులన్నీ టైలు వేశాక వచ్చే ఫ్లోరింగ్ నుంచి కొలవాలి, ఇప్పుడున్న బోసి నేల నుంచి కాదు, సగం మంది మేస్త్రిలు ఇక్కడే తప్పుతారు. షవర్ పాయింటు పావు తక్కువ ఏడు నుంచి ఏడడుగులు, మీ ఇంట్లో పొడుగు మనిషిని నిలబెట్టి చూసుకో. మిక్సరు లేదా డైవర్టరు (నీళ్లని షవర్‌కో కింద పంపుకో మళ్లించేది) మూడున్నర అడుగులు. కింద బకెట్ పంపు రెండడుగులు, మీ బకెట్ పెట్టి చూసి పైన జానెడు వదిలితే చాలు. మిక్సరు రెండు పాయింట్లూ ఒకే మట్టంలో ఉండాలి, కంటి కొలత కాదు, రసమట్టం పెట్టించు, అర అంగుళం తేడా వచ్చినా మిక్సరు జీవితాంతం తల వంచుకునే ఉంటుంది.

వేడికి సీపీవీసీ, అది మీగడ రంగులో ఉంటది. తెల్లటి యూపీవీసీ చల్లనీళ్లకే, దాన్ని గీజర్ లైనుకి వెయ్యనివ్వకు. దేని గమ్ము దానికే, ఉన్న డబ్బాతోనే అన్నీ అంటించేస్తుంటే ఊరుకోకు. గాడి కొట్టేటప్పుడు నాలుగున్నర అంగుళాల గోడలో నిలువు గాడి అంగుళంన్నర దాటకూడదు, అడ్డ గాడి ముప్పావు అంగుళం మించకూడదు, అడ్డంగా లోతుగా కోస్తే గోడ నడుం విరుగుద్ది. అందుకే పైపు నిలువుగా పైనుంచి దించుకోవడమే మేలు. పిల్లర్‌కి, బీముకి కట్టరు తగలనివ్వొద్దు, ఆ కాస్త దూరానికి పైపు తిప్పి తెచ్చుకోవచ్చు. షవర్ పాయింటు దగ్గర వట్టి ప్లాస్టిక్ ఎల్బో వద్దు, లోపల ఇత్తడి మర ఉన్నదే వేయించు, దాన్ని సిమెంటులో కదలకుండా కూర్చోబెట్టాలి. దాని మూతి టైలు మొహానికి సమానంగా రావాలంటే ఒక టైలు ముక్క పక్కన పెట్టి చూసుకుని బిగించాలి.

అన్ని పాయింట్లకీ డమ్మీ ప్లగ్గులు బిగించి, గమ్ము ఒక రోజు పూర్తిగా ఆరనిచ్చి, ప్లాస్టరింగ్‌కి ముందే లైను టెస్టు చేసే ప్రెషర్ పంపు పెట్టించు. దాని మీటరు ముల్లు ఒక పూటంతా దిగకుండా ఉండాలి. చాలామంది అక్కడితో పంపు విప్పేసుకుని పోతారు, నువ్వు మాత్రం టైల్స్ అయ్యేదాకా లైనులో నీళ్లు ఉంచేయమను. టైల్స్ మేస్త్రి మేకో కట్టరో తగిలిస్తే అప్పటికప్పుడే తడి కనిపిస్తది, పని చేస్తున్నవాడే ఉంటాడు కాబట్టి నాది కాదు అనడు.

ప్లాస్టరింగ్ మొదలెట్టే ముందు రోజు సాయంత్రం ప్రతి గోడా ఫోటో తియ్యి, ఊరికే కాదు, మూల నుంచి పైపు దాకా టేపు పెట్టి అంకెలు కనిపించేలాగా. ఫోన్‌లో వదిలేస్తే ఫోన్‌తోపాటే పోతాయి, ప్రింట్ వేయించి ఇంటి కాగితాల ఫైల్లో పెట్టు. పటమట చెల్లెమ్మ పైన అరచేత్తో వెతుక్కుంటోంది చూశావు కదా, నువ్వు ఆ కాగితం తీసి చూసుకుంటావు. ప్రతి డిజైనులో అరడజను టైల్స్ కూడా ఎక్కువ కొని అటక మీద పెట్టించు, నా ఇంట్లో టవల్ రాడ్డు దగ్గరకి వచ్చి చూస్తే ఎందుకో తెలుస్తది.

ప్ర: నమస్తే అండీ. గుంటూరు కొరిటెపాడులో మాది మూడేళ్ల ఇల్లు. షవర్ బాగానే పడుతుంది, బాత్రూంలో ఎక్కడా కారట్లేదు, కానీ వెనకాల బెడ్‌రూం గోడ ఉబ్బి పెయింటు పెచ్చులు లేస్తోంది. ప్లంబర్ గోడంతా పగలగొట్టి చూడాలంటున్నాడు. వేరే దారి లేదా?
— ఒక గృహిణి, కొరిటెపాడు

జ: ఉందమ్మా, పగలగొట్టే ముందు పది రోజులు ఓపిక పట్టండి చాలు. గోడలో రెండు రకాల లైన్లు ఉంటాయి. ట్యాంకు నుంచి మిక్సరు దాకా వచ్చే దాంట్లో రాత్రింబగళ్లు నీళ్లు నిండుగా ఉంటాయి. డైవర్టరు నుంచి షవర్ దాకా పోయే దాంట్లో మీరు షవర్ తిప్పినప్పుడే నీళ్లు. ముందు ఒక వారం పది రోజులు ఇంటిల్లిపాదీ బకెట్ స్నానం చెయ్యండి, షవర్ ముట్టుకోవద్దు. ఉబ్బిన చోట పెన్సిల్‌తో గీత గీసి తేదీ వెయ్యండి. తడి గీత లోపలే ఆగి ఆరడం మొదలెడితే తప్పు డైవర్టరుకి పైన, షవర్ లైన్లోనే ఉందని అర్థం. గీత దాటి పాకుతూనే ఉంటే నీళ్లెప్పుడూ ఉండే లైను, అప్పుడు ప్లంబర్ మాట వినాల్సిందే.

షవర్ లైనే అని తేలితే ఇంకో పరీక్ష ఉంది. షవర్ రాడ్డు విప్పేసి ఆ పాయింటుకి డమ్మీ ప్లగ్గు బిగించి, డైవర్టరు షవర్ వైపుకి తిప్పి రోజుకో గంట వదిలెయ్యండి, అట్టా నాలుగు రోజులు. వెనక గోడ పొడిగానే ఉంటే పైపుది కాదు తప్పు, రాడ్డు మర దగ్గర కారి గోడలోకి దిగుతోంది. ఎక్కువసార్లు ఇదే. రాడ్డు మొదట్లో ఒక స్టీలు బిళ్ల ఉంటుందే, ఫ్లాంజి, అది అందానికే, నీళ్లని ఆపదు, పైగా కారేది కనపడకుండా దాస్తది.

ఎందుకు కారుతుందంటే ఎల్బో గోడలో లోతుగా ఉండిపోయి రాడ్డు రెండు మరలే ఎక్కి ఉంటుంది. అప్పుడు ఇత్తడి ఎక్స్‌టెన్షన్ నిపుల్, అంటే మరలున్న చిన్న గొట్టం ముక్క, సరిపడా సైజుది వేసి పాయింటుని బయటకి తెచ్చుకోవాలి. టెఫ్లాన్ టేపు బిగించే వైపుకే ఎనిమిది పది చుట్లు చుట్టాలి, తిరగేసి చుడితే బిగించేటప్పుడు ఊడి పోగవుతుంది. చేత్తో బిగుసుకున్నాక పానాతో ఒక చుట్టు, అంతకంటే వద్దు. రాడ్డు మూతి కిందకి చూడకుండా పక్కకి ఆగిపోతే చాలామంది కాస్త వెనక్కి తిప్పి సర్దుతారు, అక్కడే కారడం మొదలవుతుంది. మొత్తం విప్పి టేపు మార్చి మళ్లీ బిగించమనండి, విసుక్కున్నా సరే. ప్లగ్గు పెట్టినా గోడ తడిస్తే మాత్రం ఎల్బో చిట్లి ఉండొచ్చు, ఎవరో బలం చూపించి ఉంటారు. అప్పుడైనా గోడంతా అక్కర్లేదు, బెడ్‌రూం వైపు నుంచి షవర్ పాయింటు ఎత్తులో అడుగు చదరం చెక్కితే సరి. అటు వైపు పగిలితే పుట్టీ, పెయింటుతో పోద్ది, టైల్స్ జోలికి పోనక్కర్లేదు.

ప్ర: సార్, బోరు నీళ్లకి షవర్ బెజ్జాలన్నీ ఉప్పు పట్టి మూసుకుపోయాయి, నీళ్లు అటొకటి ఇటొకటి ఎగిరి తలుపు మీద పడుతున్నాయి. యాసిడ్ పోయమంటారా?
— ఒక బ్యాచిలర్, విజయవాడ

జ: యాసిడ్ ముట్టుకోకు నాయనా, మెరుపు పూతంతా పోయి రెండు రోజుల్లో పాత సత్తుగిన్నె లాగా అవుద్ది. కిరాణా కొట్లో తెల్ల వెనిగర్ సీసా తెచ్చుకుని, సగం నీళ్లు కలిపి పాలిథీన్ కవర్లో పోసి, షవర్ తలకాయ అందులో మునిగేలాగా రబ్బరు బ్యాండుతో కట్టి రాత్రంతా వదిలెయ్యి. పొద్దున పాత టూత్ బ్రష్‌తో రుద్ది ఒక నిమిషం నీళ్లు వదులు. రబ్బరు బెజ్జాలున్న రకమైతే బొటనవేలితో నలిపినా ఉప్పు రాలిపోద్ది. తలకాయ విప్పి మెడలో జాలీ కూడా కడుగు, ఇసక అంతా అక్కడే ఉంటుంది. విప్పేటప్పుడు ఒక చేత్తో రాడ్డు గట్టిగా పట్టుకుని రెండో చేత్తో తలకాయ మాత్రమే తిప్పు, రాడ్డు కూడా తిరిగిందంటే వచ్చే నెల కొరిటెపాడు అమ్మగారి ప్రశ్న నువ్వు రాస్తావు.